మబ్బు పడితే నిద్ర పట్టని వాళ్లకు: వరద బాధితులు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, కడప, అనంతపురం వైపు వరద చూసిన ఇళ్లలో వినిపించే ప్రశ్నలు ఇవి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు మిద్దెల మీద నిలబడ్డ వాళ్లున్నారు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడ్డప్పుడు ఇల్లూ గొడ్లూ పోగొట్టుకున్న వాళ్లున్నారు. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక నీళ్లు ఇంట్లోకి వచ్చిన వాళ్లున్నారు. ఈ పేజీ డాక్టరు చీటీకి బదులు కాదు. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు అక్కర్లేదో తేల్చుకోవడానికి పనికొస్తుంది.

వరద పోయి పది రోజులైంది. నిద్ర లేదు, ఆకలి లేదు, ఊరికే ఏడుపొస్తోంది. నాకేమైనా మానసిక జబ్బు వచ్చిందా?

పది రోజులకు ఇలా ఉండటం మామూలే. ఇల్లు మునిగి, గొడ్లు కొట్టుకుపోయి, కట్టుబట్టలతో రోడ్డు మీద నిలబడ్డ మనిషికి హాయిగా నిద్ర పడితేనే ఆశ్చర్యపోవాలి. పెద్ద విపత్తులో చిక్కుకున్న వాళ్లలో దాదాపు అందరి మనసూ కలత చెందుతుందని, ఎక్కువ మందికి రోజులు గడిచేకొద్దీ అది తగ్గిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది.

గుండె దడ, ఉలికిపాటు, చిన్న మాటకే కోపం, తిన్నదాని రుచి తెలియకపోవడం, చేతిలో పని మరిచిపోవడం, బురద వాసన ముక్కులోంచి పోకపోవడం, ఇవన్నీ ఇందులోకే వస్తాయి. కొందరికి అసలు ఏడుపే రాదు. ‘రాయిలా అయిపోయాను’ అంటారు. అదీ ఇందులో భాగమే. ఏడవలేదని వాళ్లకు బాధ లేదనుకోకండి.

ఈ దశలో ముందు కావాల్సింది మందు కాదు. పొడి చోటు, కడుపుకు తిండి, మనవాళ్లు ఎక్కడున్నారో తెలియడం, రాత్రి పడుకోవడానికి కాస్త మరుగు. పునరావాస కేంద్రంలో ఆడవాళ్లకు గడియ పడే తలుపున్న మరుగుదొడ్డి ఉంటే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. దాన్ని మానసిక వైద్యం కింద ఎవరూ రాసుకోరు. నేనైతే దాన్నే మొదట రాస్తాను.

మరి జబ్బు అని ఎప్పుడు అనుకోవాలి?

నెల రోజులు ఒక గీత. నెల దాటాక కూడా ఈ లక్షణాలు తగ్గకుండా, ఇంటి పనీ బయటి పనీ చేసుకోనివ్వకుండా ఉంటే చూపించుకోవాలి.

పీటీఎస్‌డీ (భయంకరమైన ఘటన తర్వాత వచ్చే మానసిక ఒత్తిడి జబ్బు) అని డాక్టర్లు అనేది ఈ గీత దాటాకే. అందులో జరిగింది గుర్తు రావడం వేరేగా ఉంటుంది. మామూలుగా గుర్తొస్తే ‘అప్పుడు అలా జరిగింది’ అనిపిస్తుంది. ఇక్కడ మాత్రం ఇప్పుడే, ఈ గదిలోనే నీళ్లు వస్తున్నట్టుంటుంది. పీడకలలు వస్తాయి. ఏటి వైపు, ఆ వీధి వైపు పోవడం మానేస్తారు, ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతారు. ఇంక ఒళ్లంతా ఎప్పుడూ కాపలాలోనే ఉంటుంది. దొంగ వెళ్లిపోయినా ఆకు కదిలితే మొరిగే కుక్కలాగా, ట్యాంకు నిండి నీళ్లు కారిన చప్పుడుకు కూడా లేచి కూర్చుంటారు.

విపత్తు తర్వాత వచ్చేది పీటీఎస్‌డీ ఒక్కటే కాదు. డిప్రెషన్, విపరీతమైన ఆందోళన, తాగుడు కూడా తరచుగా కనిపిస్తాయి. ‘నాకు వరద కలలు రావట్లేదు కాబట్టి బాగానే ఉన్నా’ అనుకుని, పొద్దున లేవబుద్ధి కాక, ఎవరితోనూ మాట్లాడక నెలలు గడిపే వాళ్లున్నారు. వాళ్లకూ వైద్యం ఉంది.

నెల ఆగక్కర్లేని సందర్భాలు: చచ్చిపోవాలన్న మాటలు, రోజుల తరబడి ముద్ద ముట్టకపోవడం, చంటిబిడ్డను కూడా పట్టించుకోకపోవడం, లేని మాటలు వినిపిస్తున్నాయనడం. ఇందులో ఏది కనిపించినా ఆ రోజే తీసుకెళ్లండి.

2009 వరద సంగతి ఇంకా ఏంటండీ? ఇన్నేళ్లయినా మా అమ్మ వాన పడితే నిద్రపోదు. కావాలని చేస్తుందా?

కావాలని ఎవరూ నిద్ర పాడుచేసుకోరు.

ఆ రోజు కర్నూలులో ఏం జరిగిందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. శ్రీశైలం జలాశయానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. ఇటు తుంగభద్ర, అటు హంద్రీ. నీళ్లు వీధిలోకి, గడపలోకి, మిద్దె మెట్ల దాకా ఎక్కాయి. ఎక్కడో పైన కురిసిన వాన తన ఇంట్లోకి వచ్చిందన్న సంగతి మీ అమ్మగారి ఒంటికి తెలుసు. అందుకే ‘ఇక్కడ నాలుగు చినుకులే కదమ్మా’ అంటే ఆమెకు సమాధానం దొరకదు.

కర్నూలు పాతబస్తీలో ఒక ఇంట్లో చూశాను. మబ్బు పడగానే ఆ ఇంటి పెద్దావిడ రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, మనవరాలి మార్కుల లిస్టు, బీపీ మాత్రలు ఒక ప్లాస్టిక్ కవర్లో వేస్తుంది. దానికి మరో కవరు తొడుగుతుంది. మూతి మెలేసి, చీర అంచు చింపిన పీలికతో కట్టి, మిద్దె మెట్ల పైన మేకుకు తగిలిస్తుంది. తర్వాత టార్చి తీసుకుని వీధి కాలువ ఎంత పారుతుందో చూసి వస్తుంది. గంటకోసారి. కోడలు మొదట్లో విసుక్కునేది. ఇప్పుడు కవరు తనే కట్టిస్తుంది, టార్చి పట్టుకుని మొదటిసారి తనే వెళ్లొస్తుంది. ‘రెండోసారి పొద్దున చూద్దాం అత్తా’ అంటుంది. పెద్దావిడ కాసేపు కునుకు తీస్తుంది.

ఆ కోడలు చేసింది సరైన పని. జాగ్రత్తను జాగ్రత్తలాగే ఉంచింది, దాన్ని రాత్రంతా సాగనివ్వలేదు. మీ ఇంట్లో కూడా కాగితాల కవరు సిద్ధంగా ఉంటే తప్పేం లేదు, అందరి ఇళ్లలోనూ ఉండాల్సిందే. నిద్రే లేకుండా పోతే, పగలంతా నీరసంగా ఉంటే మాత్రం ఎన్నేళ్లయినా వైద్యం పనిచేస్తుంది. పదిహేనేళ్ల కిందటి సంగతికి ఇప్పుడు డాక్టరెందుకు అనుకోకండి.

మా ఊళ్లో కార్తీక పౌర్ణమి వస్తుందంటే భయం. మిగతా ఏడాదంతా బాగానే ఉంటాం.

2021లో అన్నమయ్య కట్ట తెగింది కార్తీక పౌర్ణమి నాడే, పొద్దున్నే. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు వైపు వాళ్లకు ఆ దినం ఏటా రెండుసార్లు వస్తుంది: నవంబరు 19 అని క్యాలెండరులో ఒకసారి, తిథి ప్రకారం ఒకసారి. ఊరూరా దీపాలు పెట్టుకునే రోజు అక్కడ సంవత్సరీకాలు పెడతారు. ఆ వారం పది రోజులు నిద్ర తగ్గడం, ఇంట్లో గొడవలు పెరగడం, కడుపులో తిప్పినట్టుండటం చాలామందికి జరిగేదే. ఎందుకిలా ఉందో ఆ మనిషికే తెలియకపోవచ్చు. ‘ఓహో, ఆ రోజులొచ్చాయి కదా’ అని ఇంట్లో ఒకరు పైకి అనేస్తేనే సగం భారం దిగుతుంది.

ఆ రోజు ఒంటరిగా ఉండకుండా చూసుకోండి. దీపం పెట్టాలనిపిస్తే పెట్టండి, పెట్టబుద్ధి కాకపోతే మానేయండి. పండగ నాడు దీపం పెట్టలేదేమని అడిగే చుట్టాలకు ఇంట్లో వేరే ఎవరైనా జవాబు చెప్పండి.

మా నాయన దిగులు అనడు, భయం అనడు. అరికాళ్ల మంటలు, తల తిరుగుడు, గుండెల్లో పట్టేసినట్టుంది అంటాడు. పరీక్షలన్నీ నార్మల్. మరి నొప్పి అబద్ధమా?

నొప్పి నిజం. మన వైపు మగవాళ్లు ‘భయమేస్తోంది’ అని చెప్పడం తక్కువ, ఒంటి మీదికి తెచ్చి చెబుతారు. చాలాకాలం నిద్ర లేకుండా, కండరాలు బిగబట్టి ఉంటే ఒళ్లు నొప్పులు, ఛాతీలో బిగుతు, అజీర్తి నిజంగానే వస్తాయి.

అయితే అన్నిటికీ మనసే కారణమని ముందే తేల్చేయకండి. ఛాతీ నొప్పికి ఈసీజీ తీయించాలి. అరికాళ్ల మంటలకు షుగర్ చూడాలి. వరదలో బీపీ, షుగర్ మాత్రలు పోగొట్టుకుని మళ్లీ మొదలుపెట్టని పెద్దలు ఎంతోమంది. అవన్నీ చూశాక రిపోర్టు బాగుంటే, ఇంకో స్కానింగుకు అప్పు చేయకుండా, డాక్టరుకు వరద సంగతి చెప్పండి. ఓపీలో రెండు నిమిషాలే దొరుకుతాయి, నిజమే. ‘వరదలో ఇల్లు పోయింది సార్, అప్పటినుంచి నిద్ర లేదు’ అని మొదటి మాటగానే చెప్పేయండి.

‘ధైర్యంగా ఉండు’ అంటే తప్పా? మరేం చెప్పాలి?

తప్పు కాదుగానీ, ఉపయోగం తక్కువ. ‘మరిచిపో’ అన్నది అంతకంటే పనికిరాని మాట. ‘నీకంటే ఎక్కువ పోగొట్టుకున్న వాళ్లున్నారు’ అన్నది అన్నిటికంటే చెడ్డది. ఓదార్చడానికే అంటారు, విన్న మనిషి మాత్రం ఇంకెప్పుడూ నోరు విప్పడు.

చాలాసార్లు చెప్పాల్సిందేమీ ఉండదు. పక్కన కూర్చోండి. ‘తిన్నావా?’ అనండి. మాట్లాడితే వినండి, మధ్యలో మీ కథ ఎత్తకండి. విపత్తులో చేసే మానసిక ప్రథమ చికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఒక మార్గదర్శిని తెచ్చింది. దాని సారం మూడు పనులు: చూడటం, వినడం, జత చేయడం. మొదటిది, ఎవరికి ఏం అవసరమో గమనించడం. రెండోది, వాళ్లు చెప్పేది తొందర పెట్టకుండా వినడం. మూడోది, తప్పిపోయిన మనిషి ఆచూకీ, మాత్రలు, రేషన్, డాక్టరు ఇలా కావాల్సిన చోటికి వాళ్లను చేర్చడం. దీనికి డిగ్రీ అక్కర్లేదు. ఆశా కార్యకర్త చేయగలదు, టీచరు చేయగలడు, పక్కింటి అక్క చేయగలదు.

మూడోదాన్ని మనవాళ్లు ఎక్కువ వదిలేస్తారు. పరామర్శకు వచ్చి గంట కూర్చుని వెళ్లే బంధువు, వెళ్తూ వెళ్తూ ‘రేపు పొద్దున నేను బండి తెస్తా, తహసీల్దారు ఆఫీసుకు పోదాం’ అంటే అది వంద ధైర్యాల పెట్టు.

జరిగిందంతా ఒకసారి బయటికి చెప్పించేస్తే మనసు తేలికవుతుందంటారు కదా?

ఇష్టపడి చెబితే తేలికవుతుంది, బలవంతంగా చెప్పిస్తే కాదు. ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే అందరినీ కూర్చోబెట్టి పూసగుచ్చినట్టు చెప్పించే పద్ధతి ఒకప్పుడు చాలా దేశాల్లో ఉండేది. దానివల్ల పీటీఎస్‌డీ ఆగలేదని పరిశోధనల్లో తేలింది. అందుకే ఇప్పుడు దాన్ని వద్దంటున్నారు.

టీవీ మైకుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బిడ్డ శవం ముందు కూర్చున్న తల్లిని ‘ఆ సమయంలో మీకేమనిపించిందమ్మా’ అని అడిగే హక్కు ఎవరికీ లేదు. మీరు అక్కడుంటే మైకుకు అడ్డం నిలబడండి.

పిల్లవాడు మళ్లీ పక్క తడుపుతున్నాడు, వదలకుండా కొంగు పట్టుకు తిరుగుతున్నాడు. జడుసుకున్నాడని తాయెత్తు కట్టించాం. సరిపోతుందా?

తాయెత్తుతో, దిష్టితో పేచీ లేదు. దర్గాకు తీసుకెళ్లి ఫాతెహా చదివించినా, గుళ్లో తీర్థం ఇప్పించినా, పెద్దవాళ్లు తన గురించి పట్టించుకుంటున్నారని బిడ్డకు తెలుస్తుంది. కొట్టడం, పొగ పెట్టడం, ఉపవాసం ఉంచడం అంటే మాత్రం అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఎనిమిదేళ్ల పిల్లవాడు నాలుగేళ్ల పిల్లవాడిలా చేయడం వరద తర్వాత తరచుగా జరిగేదే. పక్క తడపడం, వేలు చీకడం, రాత్రి ఒంటరిగా పడుకోననడం, బడికి పోననడం ఇలాంటివి. తిట్టకండి, పదిమందిలో చెప్పి నవ్వకండి. దుప్పటి మార్చి పక్కన పడుకోబెట్టుకోండి. కొన్ని వారాల్లో తగ్గుతుంది.

ఇసుకలో కట్ట కట్టి, చెంబుడు నీళ్లు పోసి, ‘తెగింది, తెగింది, పరిగెత్తండి’ అని ఆడుకునే పిల్లలను చూసి పెద్దలు కంగారు పడతారు. ఆడనివ్వండి. పెద్దలు మాటల్లో చెప్పుకునేది వాళ్లు ఆటలో చెప్పుకుంటున్నారు. ఆట ఎన్నాళ్లయినా అదే తీరుగా సాగుతూ, ఆడినకొద్దీ భయం పెరుగుతుంటే అప్పుడు చూపించాలి.

అడిగినదానికి నిజం చెప్పండి. ‘తాత ఊరెళ్లాడు’ అంటే రేపు ఎవరు ఊరెళ్లినా వణికిపోతాడు. ‘మళ్లీ నీళ్లొస్తాయా?’ అంటే, ‘రావచ్చు, వస్తే మనం ఈసారి ముందే మిద్దెక్కుతాం, దారి నీకు చూపిస్తా’ అనండి, నిజంగానే చూపించండి. బడి ఎంత త్వరగా తెరిస్తే అంత మంచిది. పుస్తకాలు లేకపోయినా, బెంచీలు తడిసినా, గంట కొడితే లోపలికి, గంట కొడితే ఇంటికి అన్న పద్ధతే వాళ్లను నిలబెడుతుంది.

పదిహేను, పదహారేళ్ల వాళ్లను మరిచిపోతుంటాం. వాళ్లు ఏడవరు, బండి స్పీడుగా తోలతారు, ఇంట్లో మాట్లాడటం మానేస్తారు. ‘పెద్దవాడివి కదా, చెల్లిని చూసుకో’ అని రెండో బరువు మనమే పెడతాం.

మా చిన్నాయన శవం దొరకలేదు. దినాలు చేయాలా, ఎదురుచూడాలా? మా చిన్నమ్మ తలుపు గడియ వేయనివ్వడం లేదు.

వరదలో మిగిలే బాధల్లో ఇది అన్నిటికంటే మొండిది. చనిపోయాడనుకుంటే ద్రోహం చేసినట్టు, బతికున్నాడనుకుంటే బతుకు ముందుకు కదలనట్టు. చిన్నమ్మను తొందరపెట్టకండి. బొట్టు తీయించడం, గాజులు పగలగొట్టించడం లాంటివి ఆమె అడగకుండా ఎవరూ మొదలుపెట్టొద్దు. అసలు అవి చేయాల్సిందేనా అన్నది నా ప్రశ్న.

శవం లేకపోయినా దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించే పద్ధతి మన శాస్త్రంలోనే ఉంది. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు తమ ఇమాంను, పాస్టరును అడగొచ్చు. చాలా ఇళ్లలో ఆ తంతు జరిగాకే ఏడుపు బయటికి వస్తుంది.

కాగితం సంగతి వేరు. కనిపించకుండా పోయిన మనిషిని చనిపోయినట్టు భావించడానికి చట్టంలో మామూలుగా 7 ఏళ్ల గడువు ఉంది. 2013లో ఉత్తరాఖండ్ వరదలప్పుడు ఆ గడువు ఆగకుండా ధ్రువపత్రాలివ్వడానికి ప్రత్యేక పద్ధతి పెట్టారు. మరణ ధ్రువపత్రం లేకపోతే విపత్తు సహాయ నిధి పరిహారం, పింఛను, బ్యాంకు డబ్బు అన్నీ ఆగుతాయి. కాబట్టి పోలీసు స్టేషనులో తప్పిపోయిన కేసు పెట్టించి, ఎఫ్ఐఆర్ కాపీతో రెవెన్యూ వాళ్లను అడగండి. ఈ తిరుగుడు చిన్నమ్మతో కాకుండా కుటుంబంలో మరొకరితో చేయించండి.

నా చెయ్యి జారింది. నేను గట్టిగా పట్టుకుని ఉంటే బతికేది.

వేగంగా పారే నీరు మోకాలి లోతు కూడా ఉండక్కర్లేదు, పెద్ద మనిషిని పడేస్తుంది. రెండడుగుల ప్రవాహం కారును తేల్చేస్తుంది. మీ పట్టు తక్కువ కాదు, ఏ మనిషి పట్టూ దానికి ఆగదు.

ఇది చదివినంత మాత్రాన ఆ ఆలోచన పోదని తెలుసు. రాత్రిపూట మళ్లీ వస్తుంది. ఈ ఒక్క బాధ కోసమైనా కౌన్సెలింగుకు వెళ్లమని గట్టిగా చెబుతాను. ఆ క్షణం ఏం జరిగిందో, మీ చేతిలో నిజంగా ఏముందో, ఏం లేదో నెమ్మదిగా విడదీసి చూసే పద్ధతి వాళ్ల దగ్గర ఉంది. ఇంట్లో వాళ్లు ‘నీ తప్పేం లేదు’ అని వందసార్లు అన్నా జరగనిది అక్కడ జరగొచ్చు.

మా ఆయన వరద తర్వాత రోజూ తాగుతున్నాడు. లేకపోతే నిద్ర పట్టదంటాడు.

మందు కునుకు తెప్పిస్తుంది, నడిరాత్రి తనే లేపుతుంది. పీడకలలు, దిగులు ఇంకా పెరుగుతాయి. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం జరగొచ్చు, అది ప్రాణాంతకం. కాబట్టి ఒట్టు వేయించి మాన్పించే ముందు ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. కొడుతుంటే అది వరద బాధ కింద సర్దుకుపోవాల్సిన విషయం కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయొచ్చు.

మెడికల్ షాపులో నిద్రమాత్ర ఇచ్చాడు. బాగానే పనిచేస్తోంది. వాడొచ్చా?

వద్దు. షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చేవి ఎక్కువగా ఆల్ప్రజోలం జాతి మాత్రలు. కొన్ని వారాలకే అలవాటు పడతాయి, తర్వాత ఒకటి చాలక రెండు కావాలనిపిస్తుంది. విపత్తు జరిగిన మొదటి నెలలో ఒత్తిడి లక్షణాలకు ఈ జాతి మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే మాత్రం టక్కున ఆపకండి, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

సైకియాట్రిస్టు ఇచ్చేవి కూడా అలాంటివే కదా? జీవితాంతం వాడాలంటారు.

రెండూ ఒకటి కాదు. పీటీఎస్‌డీకి, డిప్రెషన్‌కు ఎక్కువగా రాసేవి సెర్ట్రాలిన్ లాంటి మాత్రలు. వాటికి వ్యసనంలా అలవాటు పడరు. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపులో తిప్పడం, తలనొప్పి ఉండొచ్చు. మనవాళ్లు సరిగ్గా ఆ వారమే ‘పడలేదు’ అని ఆపేస్తారు. ఎన్ని నెలలు వాడాలన్నది డాక్టరు చెబుతారు, ఆపేటప్పుడూ మెల్లగానే ఆపాలి.

పీటీఎస్‌డీకి మందు కంటే ముందు మాటల వైద్యం. జరిగిన ఘటన మీద దృష్టి పెట్టి ఆలోచనలను, ప్రవర్తనను సరిచేసే సీబీటీ, ఆ జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లు అటూ ఇటూ కదిలించే ఈఎండీఆర్ అనే రెండు పద్ధతులకు మంచి ఆధారాలున్నాయి. చిక్కల్లా వీటిని చేసే నిపుణులు మన జిల్లాల్లో తక్కువ. కర్నూలు, కడప, అనంతపురం ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి, మొదట అక్కడికే వెళ్లండి.

‘పిచ్చాసుపత్రికి పోయాడు’ అన్న మాటకు జంకేవాళ్లు, పెద్దాసుపత్రికి షుగర్ చూపించుకోవడానికి వెళ్లామని చెప్పుకోండి. అబద్ధమే, అయినా ఆరోగ్యం కోసం ఆ మాత్రం ఫర్వాలేదు.

మనసు సంగతి తర్వాత. పరిహారం కోసం తిరిగి తిరిగే పిచ్చెక్కుతోంది. దానికేం చెబుతారు?

అదే మనసు సంగతి. విపత్తు తర్వాత మనుషులు కోలుకోకపోవడానికి నీళ్లు ఎంత కారణమో, తర్వాత జరిగే తిరుగుడు కూడా అంతే కారణం. లిస్టులో పేరు లేదు, ఆధార్‌లో ఇంటిపేరు తేడా, ఇల్లు సగం కూలిందని రాశారా పూర్తిగా కూలిందని రాశారా, పొలంలో ఇసుక మేట వేస్తే అది ఏ శాఖ చూడాలి. సంతకం కోసం నాలుగుసార్లు పోయి, నాలుగుసార్లూ అదే కథ కొత్త మనిషికి మొదటినుంచి చెప్పాలి. ప్రతిసారీ ఆ రోజు మళ్లీ జరుగుతుంది. పొరుగింటికి వచ్చి మనకు రాకపోతే, మిగిలిన ఒక్క బంధమూ తెగుతుంది.

విపత్తుల్లో మానసిక సామాజిక మద్దతు మీద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది 2009 డిసెంబరులో, కర్నూలు మునిగిన రెండు నెలలకు. మనసుకిచ్చే మద్దతును మిగతా సహాయ చర్యలతో కలిపే నడపాలన్నది అందులోని ఆలోచన. కాగితం మీద బాగుంది. కౌంటరు దగ్గర కుర్చీ, మంచినీళ్లు, ఒక్కసారి చెబితే రాసుకునే మనిషి, దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో తెలిపే చీటీ, ఈ నాలుగూ ఉంటే కౌన్సెలర్ల పని సగం తగ్గుతుందని నా నమ్మకం.

మీవైపు నుంచి చేయగలిగినవి కొన్ని. జరిగింది, నష్టం, తేదీలు ఒక కాగితం మీద రాసి పది జిరాక్సులు తీయించండి. ప్రతి ఆఫీసులో కథ చెప్పకుండా ఆ కాగితం ఇవ్వండి. ఆధార్, మార్కుల లిస్టుల్లాంటివి డిజిలాకర్‌లో దొరుకుతాయేమో పిల్లలతో చూపించండి. ఒంటరిగా పోకుండా వీధిలో నలుగురు కలిసి పోండి. వారంలో ఒక రోజు ఆఫీసుల మాటే ఎత్తకూడదని పెట్టుకోండి.

మాది అనంతపురం. వరద కాదు, కరువు. మాకూ ఇవన్నీ వర్తిస్తాయా?

కొన్ని వర్తిస్తాయి. వరదకు ఒక తేదీ ఉంటుంది, కరువుకు ఉండదు. చెనిక్కాయ విత్తినప్పుడు పడి, ఊడ దిగే వేళకు ముఖం చాటేసే వాన ఏ ఒక్క రోజునా విపత్తులా కనిపించదు. టీవీ బండ్లు రావు. పీడకలలు, ఉలికిపాటు తక్కువ. బోర్లు ఎండటం, అప్పు, బెంగళూరుకో కేరళకో వలస, ఊళ్లో మిగిలిన ముసలివాళ్ల ఒంటరితనం, వీటి మధ్య దిగులు మెల్లగా పేరుకుంటుంది. అది సోమరితనంలా, కోపంలా కనిపిస్తుంది. రైతు పొలం వైపు పోవడం మానేశాడంటే, ఎప్పుడూ లేనిది అప్పుల లెక్క భార్యకు అప్పజెబుతున్నాడంటే గమనించండి. తర్వాతి ప్రశ్న అందుకే చదవండి.

‘నేను పోతే మీకైనా పరిహారం వస్తుంది’ అంటున్నాడు. ఊరికే అంటున్నాడా?

ఊరికే అన్నాడనుకోవద్దు. సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా?’ అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు. అలా జరగదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకునే వాళ్లే ఎక్కువ.

అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో, కొట్టంలో ఉన్న పురుగుమందు డబ్బాలు ఆ పూటే వేరేవాళ్ల ఇంటికి మార్చి తాళం వేయించండి. ఇది చాలా ప్రాణాలు కాపాడే పని, ఎందుకంటే ఆ తెగింపు చాలామందిలో కొద్ది గంటలే ఉంటుంది. మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన 14416కు ఫోన్ చేయండి. ఇప్పటికే ఏదైనా తాగి ఉంటే ఇంట్లో కక్కించే ప్రయత్నాలు చేయకుండా వెంటనే 108. కేసవుతుందని దాచకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

ముందునుంచే ఫిట్స్‌కో, మానసిక జబ్బుకో మందులు వాడే మనిషి ఇంట్లో ఉంటే?

మాత్రలు ఒక్క రోజు కూడా ఆగకూడదు. చీటీ ఫొటో తీసి ఇద్దరు ముగ్గురి ఫోన్లలో పెట్టండి. వానాకాలంలో పది రోజుల మాత్రలు కాగితాల కవర్లోనే ఉంచండి. పునరావాస కేంద్రంలో ఏఎన్ఎంకు మొదటి రోజే చెప్పండి.

మేం డ్యూటీ చేసిన వాళ్లం. మునిగింది మా ఇల్లు కాదు. మాకెందుకిలా?

శవాలు తీసినవాళ్లు, బురద ఎత్తిన పారిశుద్ధ్య కార్మికులు, బోటు నడిపినవాళ్లు, లిస్టులు రాసి జనం తిట్లు తిన్న రెవెన్యూ సిబ్బంది, అందరికీ ఇది వస్తుంది. ఇంటికి వెళ్లి స్నానం చేసినా ఆ వాసన పోవట్లేదని చెప్పినవాళ్లకు చేతగానితనం అంటగట్టకండి. షిఫ్టులు మార్చడం, జోడీగా పంపడం, తిండి వేళకు పెట్టడం పై అధికారి చేయాల్సిన పని. కాంట్రాక్టు కార్మికులకు ఆ సెలవు కూడా ఉండదు. వాళ్లకు కౌన్సెలింగు కంటే ముందు ఒక రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వండి.

‘డ్యామ్ తెగింది’ అని వాట్సాప్‌లో వస్తే గుండె ఆగినంత పనవుతుంది. ఎట్లా?

పాత వీడియోలు కొత్త తేదీలతో ప్రతి వానాకాలం తిరుగుతాయి. ఇంట్లో ఒక్కరే చూసి చెప్పేలా పెట్టుకోండి. కలెక్టరేటు, విపత్తు నిర్వహణ సంస్థ ప్రకటన వస్తేనే నమ్మండి. రాకముందే భయంతో కాళ్లు వణుకుతుంటే, పాదాలు రెండూ నేలకు గట్టిగా ఆనించి, ఊపిరి మెల్లగా వదులుతూ, కళ్ల ముందున్న అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. ఈ రోజు తేదీ చెప్పండి, ఏ ఊళ్లో ఉన్నారో చెప్పండి. చిన్న పనే, కానీ ఒళ్లు పాత రోజునుంచి ఈ రోజుకు రావడానికి సాయపడుతుంది.

14416కు చేస్తే ఎవరు ఎత్తుతారు? ఏమడుగుతారు?

అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పర్యవేక్షణలో నడుస్తుంది. రాత్రీ పగలూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. శిక్షణ పొందిన కౌన్సెలరు మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు లేదా దగ్గరి ఆసుపత్రి చెబుతారు. జబ్బు పేరు మీరు చెప్పక్కర్లేదు. ‘వరద తర్వాత నిద్ర పట్టడం లేదండీ’ అంటే చాలు, మిగతాది వాళ్లే అడుగుతారు. లైను దొరకకపోతే 1800 891 4416కు కూడా చేయొచ్చు. మాట్లాడలేని పెద్దవాళ్ల తరఫున మీరు చేసి, స్పీకరు పెట్టి పక్కన కూర్చోండి.